కొత్త గేరు వైర్లు వేయించాక లివరు రాయిలా బిగుసుకుపోయింది, ఎక్కడ వెతకాలి?

కృష్ణలంక_చక్రం

ముందు 3, వెనుక 8 గేర్లున్న హైబ్రిడ్ సైకిలు. కొని ఏడేళ్లయింది. రోజూ కృష్ణలంక నుంచి ఆటోనగర్‌కు దీనిమీదే వెళ్తాను. ఆదివారం తెల్లవారుజామున బ్యారేజీ దాటి ఉండవల్లి, ఓపిక ఉంటే మంగళగిరి.

పాత వైరు లివరు దగ్గర పోగులు లేచి తెగిపోయేలా కనిపించింది. రెండు వారాల క్రితం ఇన్నర్లు (లోపలి వైర్లు), ఔటర్లు (వాటి పైగొట్టాలు) అన్నీ కొత్తవి వేయించాను. అప్పటినుంచి వెనుక లివరును నెట్టాలంటే బొటనవేలు మంటపుడుతోంది. పెద్ద పళ్లచక్రం మీదికి చైను ఎలాగో ఎక్కుతుంది. చిన్నదాని మీదికి దిగడానికే మొండికేస్తోంది. లివరు టక్కుమంటుంది, చైను మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పది చుట్లు తొక్కాక ఒక్కసారిగా రెండు గేర్లు కిందికి దూకుతుంది. మొన్న వారధి మీద వెనుక లారీ వస్తుండగా ఇలాగే జరిగింది, కాలు పెడల్ మీదినుంచి జారి గుండె ఝల్లుమంది.

షాపులో మళ్లీ చూపిస్తే, కొత్త వైరు కదా, నాలుగు రోజులు తొక్కితే సాగి సర్దుకుంటుంది అన్నారు. రెండు వారాలైనా సర్దుకోలేదు. పాత వైరే ఇంతకంటే హాయిగా కదిలేది. తెలిసినవాళ్లు దారి చూపండి.

బ్రాడీపేట_గేరు

వెనుక డిరైలర్‌లోకి, అంటే చైనును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదాని మీదికి జరిపే భాగంలోకి, వైరు దూరేచోట వేళ్లతో తిప్పే అడ్జస్టరు ఉంటుంది. దాన్ని పావు చుట్టు లోపలికి తిప్పి చూడండి. వైరు బిగువు ఎక్కువైతే కిందికి దిగదు. నాకు నూటికి తొంభైసార్లు దానితోనే సరిపోయింది.

కృష్ణలంక_చక్రం

తిప్పాను. లోపలికి తిప్పితే దిగడం కాస్త నయమవుతుంది, ఎక్కడం చెడిపోతుంది. బయటికి తిప్పితే ఎక్కుతుంది, దిగదు. రెండూ కుదిరే చోటు దొరకడం లేదు.

తెనాలి_తొక్కుడు

డిరైలర్ మీద రెండు చిన్న స్క్రూలుంటాయి కదా, వాటిని కదిపి చూశారా?

వన్‌టౌన్_మాస్టారు

తెనాలి గారూ, ఆ స్క్రూల జోలికి పోనివ్వకండి. చైను ఈ చివర ఎంతవరకు వెళ్లాలి, ఆ చివర ఎంతవరకు వెళ్లాలి అన్న హద్దు మాత్రమే అవి చెబుతాయి. వైరు మార్చినంత మాత్రాన ఆ హద్దు మారదు. బాగున్న దాన్ని తిప్పితే చైను చక్రం పుల్లల్లో పడుతుంది, ఒక సమస్యకు రెండు అవుతాయి.

కృష్ణలంక గారూ, రెండూ కుదిరే చోటు దొరకడం లేదన్నారు చూడండి, అదే అసలు సంగతి. వైరును లాగేది మీ బొటనవేలు. తిరిగి వెనక్కి తెచ్చేది డిరైలర్‌లోని స్ప్రింగు. వేలికి బలముంది కాబట్టి వైరు ఎంత రాసుకుంటున్నా నెట్టుకుపోతుంది. స్ప్రింగుకు అంత బలం లేదు, ఆగిపోతుంది. అందుకే ఎక్కడం బరువు, దిగడం ఆలస్యం. వైరు ఎక్కడో పట్టేస్తోంది. బిగువు తేడా అయితే అడ్జస్టరుతో పోతుంది. రాపిడి ఎన్ని తిప్పినా పోదు.

షిమానో కంపెనీ 8 గేర్ల లివరు ఒక్కో టక్కుకు లాగే వైరు సుమారు 2.8 మిల్లీమీటర్లు మాత్రమే. అందులో ఒక మిల్లీమీటరు ఔటరులోనే చిక్కుకుంటే చైను సగం దారిలో నిలబడిపోదా?

ఈ సాయంత్రం ఇలా చేయండి. వెనుక చైనును అన్నిటికంటే చిన్న పళ్లచక్రం మీదికి తెచ్చి, డిరైలర్ దగ్గర వైరును పట్టి ఉంచిన నట్టు వదులు చేసి వైరు బయటికి తీయండి. మొదట ఆ వెనుక డిరైలర్‌ను చేత్తో చక్రం వైపు నెట్టి వదలండి. చటుక్కున వెనక్కి రావాలి. వస్తే దాని తప్పు లేదు. తర్వాత వైరు చివరను చేత్తో కొద్దిగా బిగువుగా పట్టుకుని, ఇంట్లో ఎవరినైనా లివరు నొక్కమనండి. తర్వాత ఔటరు ముక్కలను ఒక్కొక్కటిగా ఫ్రేము మీదినుంచి ఊడదీసి, వైరు మీద ముందుకూ వెనక్కూ జరిపి చూడండి. ఏ ముక్క దగ్గర చేతికి గరుకు తగులుతుందో రాయండి.

తాడేపల్లి_రాము

మాస్టారి మాటకు ఒక చిన్న చేర్పు. ఔటరు ముక్కలు ఊడదీయడానికి నట్టు విప్పనక్కర్లేదు. వెనుక చక్రం పైకెత్తి, తొక్కుతూ పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కించండి. ఇక పెడల్ తిప్పకుండా లివరును మాత్రం చిన్న గేరు దాకా వదిలేయండి. చైను పైనే ఉంటుంది, వైరు వదులైపోతుంది. ఫ్రేము మీద చీలిక ఉన్న పట్టుల్లోంచి ఔటరు చేతికి వచ్చేస్తుంది. తుడిచి మళ్లీ పెట్టేయొచ్చు. వర్షాకాలంలో నేను నెలకోసారి ఇలాగే చేస్తాను, ఐదు నిమిషాల పని.

లలిత_సింగ్‌నగర్

నాదీ ఇదే బాధ, కారణం మాత్రం వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు నా సైకిలు కింది అంతస్తులో సీటు దాకా నీళ్లలో ఉండిపోయింది. నీళ్లు తగ్గాక బయటికి తీస్తే గొలుసు ఇటుక రంగులోకి తిరిగింది. చక్రాల బేరింగులు, చైను మార్పించాను. గేరు వైర్లలో ఇన్నర్లు మాత్రమే కొత్తవి వేశారు, ఔటర్లు బాగానే ఉన్నాయి అన్నారు. మొదట్లో పరవాలేదు, నెల తిరిగేసరికి లివరు బిగుసుకుంది. మళ్లీ ఇన్నర్లు మార్చారు, మళ్లీ అదే కథ. నేనూ మాస్టారు చెప్పినట్టు చూడాలా?

వన్‌టౌన్_మాస్టారు

లలిత గారూ, మీరు చూడనక్కర్లేదు, ఔటర్లన్నీ తీసి పారేయండి. పైన నల్లగా నిగనిగలాడుతూ బాగానే కనిపిస్తాయి. లోపల సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, వైరు నడిచేది అందులోనే. బుడమేరు ఒండ్రు అందులో చేరి ఎండితే ఆకురాయి గరుకులా తయారవుతుంది. మీరు వేసిన ప్రతి కొత్త వైరునూ అది గీరి తినేస్తోంది.

ఇంకొక చోటు కూడా చూడండి. సైకిలును తలకిందులు చేస్తే పెడళ్ల ఇరుసు కింద చిన్న ప్లాస్టిక్ గైడు కనిపిస్తుంది, రెండు గాళ్లలో రెండు వైర్లు పోతుంటాయి. వరద మట్టి అక్కడ గట్టిపడి ఉంటుంది. పాత పళ్లకుంచెతో కడిగి, అరిగి గాడి లోతుగా పడి ఉంటే గైడు మార్చేయండి, చాలా చిన్న ఖర్చు.

తెనాలి_తొక్కుడు

ఇంత కష్టం ఎందుకు, ఔటరులోకి నాలుగు చుక్కలు కొబ్బరినూనె పోస్తే పోలేదా? నేను పోశాను, అప్పటికి వెన్నలా కదిలింది. మాట నిజం చెప్పాలి కదా, ధనుర్మాసంలో మాత్రం పొద్దున పూట మళ్లీ బిగుసుకునేది, మధ్యాహ్నానికి వదులయ్యేది. ఎందుకో అర్థం కాలేదు.

బ్రాడీపేట_గేరు

అందులో అర్థం కానిదేముంది! మీ వంటింట్లో సీసా డిసెంబరు పొద్దున ఎలా ఉంటుందో చూడండి. 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టే నూనె అది. ఔటరులోనూ గడ్డకట్టింది.

తెనాలి_తొక్కుడు

అవును సుమా! మూడు చలికాలాలు లివరును తిట్టుకున్నాను.

కొండవీడు_ఎక్కుడు

కొబ్బరినూనె వద్దు సరే, పలచటి మెషిను ఆయిలు ఒక్క చుక్క అయితే తప్పు లేదు. మా వైపు మిర్చి కోతల కాలంలో ఎర్రటి దుమ్ము లేస్తుంది, దానితో పాటు పొలాల మట్టి. చుక్క ఆయిలు లేకపోతే వారం తిరక్కుండా కిర్రుమంటుంది. ఈ విషయంలో మాస్టారు ఏమంటారు?

వన్‌టౌన్_మాస్టారు

మంచి ఔటరు లోపల తయారీలోనే పలచగా పూత ఉంటుంది. అందులో ఇంకేమీ పోయను. ఆయిలు పోస్తే మీ ఎర్ర దుమ్మే దానికి అంటుకుని ముద్దవుతుంది. బేరింగులకు పెట్టే చిక్కటి గ్రీజు అయితే అసలే వద్దు, కొన్నిచోట్ల వైరు దూర్చేముందు దానితో పట్టించి తోస్తారు. మంచి ఉద్దేశంతోనే చేస్తారు గానీ, ఇరవై రోజులకు వైరు జిగురులో పాకుతున్నట్టు ఉంటుంది.

కొండవీడు_ఎక్కుడు

మీ అనుభవం మీద గౌరవంతోనే చెబుతున్నాను, నేను ఒప్పుకోను. పదేళ్లుగా చుక్క ఆయిలుతో తిప్పుతున్నాను, ఏడాదికోసారి ఔటర్లు మారుస్తాను, ఇంతవరకు ఇబ్బంది రాలేదు.

వన్‌టౌన్_మాస్టారు

ఏడాదికోసారి మారుస్తారు కాబట్టే ఇబ్బంది రాలేదు. సరే, అది మీ అలవాటు, ఉండనివ్వండి.

గుంటూరు_అరండల్

అసలు ఔటరు ఔటరే కదా, దీనికింత చర్చా? బ్రేకుకు వేసేదీ గేరుకు వేసేదీ ఒకటే నల్ల గొట్టం. నా సైకిలుకు గేరు ఔటరు మూర మిగిలితే ముందు బ్రేకుకు వేసుకున్నాను. రెండు నెలలుగా బాగానే ఆగుతోంది. పోయిన వారం కొండవీడు కోట ఘాట్ రోడ్డు కూడా ఎక్కి దిగాను.

వన్‌టౌన్_మాస్టారు

అరండల్ గారూ, మిగతా పనులన్నీ ఆపి ఇది చదవండి. ఆ బ్రేకుతో ఇక ఒక్క వాలు కూడా దిగకండి.

రెండు ఔటర్ల కోసిన చివరలూ పక్కపక్కన పెట్టి చూడండి. బ్రేకు ఔటరులో చదునైన ఉక్కు తీగ స్ప్రింగులా చుట్టలు చుట్టుకుని ఉంటుంది. మీరెంత గట్టిగా నొక్కినా ఆ చుట్టలు ఒకదానినొకటి ఆనుకుని నిలబడతాయి. గేరు ఔటరులో చుట్టలుండవు. సన్నటి ఉక్కు తీగలు గొట్టం పొడవునా వరుసగా, చాప పుల్లల్లా పేర్చి ఉంటాయి. వాటిని కలిపి ఉంచేది పైనున్న ప్లాస్టిక్ పొర ఒక్కటే. గేరుకు కావలసింది అదే. వంచినా పొడవు మారదు కాబట్టి టక్కు టక్కుకు లెక్క తప్పదు. పాత కాలపు గేర్లకు టక్కులు లేవు, లివరును చెవితో విని సరిచేసుకునేవాళ్లం, ఏ ఔటరు వేసినా నడిచేది. 1984లో షిమానో టక్కుల పద్ధతి తెచ్చాక పొడవు లెక్క ముఖ్యమైంది.

బ్రేకు పట్టినప్పుడు వైరు మీద పడే లాగుడు గేరు లాగుడుకు ఎన్నో రెట్లు. ఆ బలానికి పుల్లలు పక్కకు ఉబ్బి ప్లాస్టిక్ పొరను చీల్చుకుని బయటికి వస్తాయి. అలా చీలేది మీరు బ్రేకు గట్టిగా పట్టిన క్షణంలోనే, అంటే మీకు బ్రేకు అత్యవసరమైన క్షణంలో. కోట దిగే మలుపులో అది జరిగితే ఏమవుతుందో రాయడానికి నాకు చేయి రావడం లేదు. గేరు ఔటరు మీద చాలావరకు ఎస్‌ఐఎస్ (షిమానో టక్కుల పద్ధతి పేరు) అనో, గేరుకు అనో అచ్చువేసి ఉంటుంది. చూసి తీసేయండి.

బ్రాడీపేట_గేరు

అరండల్ గారూ, నేను మూడు వీధుల అవతలే ఉంటాను. నా దగ్గర బ్రేకు ఔటరు మూర ఉంది. రేపు పొద్దున తెచ్చి ఇస్తాను.

కృష్ణలంక_చక్రం

ఇది చదివి భయమేసి నా వెనుక బ్రేకు కూడా చూసుకున్నాను. చుట్టల ఔటరే ఉంది. గేరుకు ఏం వేశారోనని అదీ చూశాను, పుల్లలదే. ఇక మాస్టారు చెప్పిన పరీక్ష సంగతి.

డిరైలర్‌ను చేత్తో నెట్టి వదిలితే చటుక్కున వచ్చింది. మా అబ్బాయి లివరు నొక్కాడు, వైరు చివర నా చేతిలో ఉంది. ఔటర్లు ఉన్నప్పుడు బరువు, అన్నీ ఊడదీశాక వేలితో తాకితే చాలు అన్నంత తేలిక. ముందు ముక్క, హ్యాండిల్ దగ్గరిది, వైరు మీద జారింది. వెనుక చివరి ముక్క, డిరైలర్‌లోకి వంపు తిరిగి వెళ్లేది, కదల్లేదు. చేత్తో లాగితే లోపల ఎవరో పట్టుకున్నట్టు ఆగి, గీసుకుంటూ వచ్చింది.

చివరనున్న లోహపు టోపీ పీకి, ఫోను లైటు వేసి చూశాను. గుండ్రంగా ఉండాల్సిన నోరు చింతగింజలా నొక్కుకుపోయి ఉంది. లోపలి తెల్ల గొట్టం ఒక పక్కకు మడతపడింది. చుట్టూ ఉన్న పుల్లల్లో రెండు లోపలికి వంగి వైరుకు ఆనుకుని ఉన్నాయి. వైరును తిప్పి చూస్తే సరిగ్గా ఆ చోట నల్లటి గీత, వేలికి గరుకు తగిలేంత లోతు. ఈ రెండు వారాలూ నా కొత్త వైరును అది కోస్తూ ఉందన్నమాట.

తాడేపల్లి_రాము

మామూలు కటింగ్ ప్లయరుతో కోశారు. ఇన్నరుకు అది చాలు, ఔటరును మాత్రం అది కోయదు, నమిలేస్తుంది.

వన్‌టౌన్_మాస్టారు

దొరికింది. ఆ ముక్క పొడవు కూడా చూడండి. డిరైలర్‌లోకి వెళ్లేచోట నిండుగా వంపు తిరగాలి. పొట్టిగా ఉంటే ఆ వంపు మోకాలిలా విరుస్తుంది, అక్కడా పట్టేస్తుంది.

కృష్ణలంక_చక్రం

పొట్టిగానే ఉంది. పాత ముక్కను పక్కన పెడితే రెండు వేళ్లు తక్కువ. కొత్త ముక్క కొంటాను, ఇంట్లోనే కోయాలనుకుంటున్నాను. ఔటరు కోసే కత్తెర లేదు. ఎలా కోయాలి?

కొండవీడు_ఎక్కుడు

కోసే చోట లోపల పాత ఇన్నరు ముక్క దూర్చండి. లోపల ఆధారం ఉంటుంది కాబట్టి నోరు నొక్కుకుపోదు. పదునైన ప్లయరుతో ఒకే నొక్కు, రెండు మూడుసార్లు కొరకొద్దు. తర్వాత ఆకురాయితో అంచు చదునుగా రాయండి. పక్కకు వాలుగా ఉంటే టోపీలో ఒరిగి కూర్చుంటుంది. ఆఖరున దబ్బనం మొన లోపలికి పెట్టి మెల్లగా తిప్పుతూ తెల్ల గొట్టం నోరు తెరవండి. మా అమ్మ గోనెసంచులు కుట్టే దబ్బనమే నా పనిముట్ల పెట్టెలో ఉంటుంది.

వన్‌టౌన్_మాస్టారు

ఇందులో ఒక్క అక్షరం కూడా మార్చను. అన్నీ అయ్యాక ఔటరు ముక్కను నిలువుగా పట్టుకుని పైనుంచి ఇన్నరును వదలండి. ఎవరూ తోయకుండా తన బరువుకు తానే జారాలి. జారకపోతే మళ్లీ దబ్బనం. గీత పడిన ఇన్నరును మాత్రం మళ్లీ వాడకండి, కొత్తదైనా సరే.

మంగళగిరి_మట్టిదారి

మధ్యలో వస్తున్నాను. నాది కొండదారుల సైకిలు, వైర్లు మార్చాక లివరు బరువైంది. నోళ్లన్నీ బాగున్నాయి, వైరు జారుతోంది. ఇంకేం చూడాలి?

తాడేపల్లి_రాము

వెనుక డిరైలర్ మీద చిన్న మీట ఉందేమో చూడండి. చైను ఎగరకుండా పట్టి ఉంచే క్లచ్చు అది. చక్రం తీయడానికి వీలుగా దాన్ని తీసి, తర్వాత మళ్లీ వేస్తారు. అది వేసి ఉన్నప్పుడు లివరు కొంచెం బరువుగా ఉండడం సహజం.

మంగళగిరి_మట్టిదారి

ఉంది! తీసి ఉంచడం ఇన్నాళ్లూ నా అలవాటు, షాపువాళ్లు వేసి ఇచ్చారు. ధన్యవాదాలు.

గుంటూరు_అరండల్

బ్రాడీపేట గారు పొద్దున ఆరింటికే వచ్చారు. ఇద్దరం కలిసి నా ముందు బ్రేకు ఔటరు తీశాం. హ్యాండిల్ దగ్గర వంపులో పైపొర ఉబ్బి, గోరంత పొడవున తెల్లగా పాలిపోయి ఉంది. అక్కడ వంచి చూస్తే పొర పగిలి మూడు పుల్లలు బయటికొచ్చాయి. వాటిని చూస్తూ కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. పోయిన వారం ఆ ఘాట్ రోడ్డు మీద మా చెల్లెలి కొడుకు నా వెనకే ఉన్నాడు. మాస్టారూ, మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

వన్‌టౌన్_మాస్టారు

ఏమీ చెప్పనక్కర్లేదు. ఆ మేనల్లుడి బ్రేకులు కూడా ఒకసారి విప్పి చూడండి.

కృష్ణలంక_చక్రం

వెనుకది అయిపోయింది! మొదటి ముక్క పాడుచేశాను, రెండోది కుదిరింది. ఔటరు నిలువుగా పట్టుకుంటే ఇన్నరు సర్రున జారి నేలమీద పడింది, మా అబ్బాయి చప్పట్లు కొట్టాడు. బిగించి వారధి మీద రెండుసార్లు వెళ్లొచ్చాను. పెద్దదాని నుంచి చిన్నదాని దాకా ఎనిమిదీ, నొక్కిన వెంటనే ఒక్కో అడుగు. ముందు లివరు మాత్రం ఇంకా బరువుగానే ఉంది. దాని ఔటరు నోళ్లు చూశాను, బాగున్నాయి.

వన్‌టౌన్_మాస్టారు

ముందు డిరైలర్ దగ్గర వైరును పట్టే నట్టు చూడండి. దాని కింద సన్నటి గాడి ఉంటుంది, వైరు ఆ గాడిలోనే కూర్చోవాలి. నట్టుకు అవతలి పక్కనుంచి పోతే మీట చేయి పొట్టిదైపోతుంది, అంత పనికీ ఎక్కువ బలం కావాలి.

కృష్ణలంక_చక్రం

అవతలి పక్కనే ఉంది. మార్చాను. సగం బరువు తగ్గింది.

లలిత_సింగ్‌నగర్

నేనూ ఔటర్లన్నీ మార్పించాను. పాత ముక్క ఒకటి ఇంటికి తెచ్చుకుని తెల్ల కాగితం మీద తట్టాను. బూడిదరంగు ఒండ్రు చిటికెడు రాలింది, ఇన్ని నెలల తర్వాత కూడా. కింద గైడులోంచి చిన్న నత్తగుల్ల బయటపడింది. లివరు ఇప్పుడు ఒక వేలికి కదులుతోంది. సింగ్‌నగర్‌లో వరదనీళ్లు తాకిన సైకిళ్లు ఇంకా చాలా ఉన్నాయి, మా వీధిలోనే నాలుగు. వాళ్లకూ ఔటర్లు మార్చి ఇవ్వాలనుకుంటున్నాను. సరైన కత్తెర ఎవరి దగ్గరైనా ఉంటే ఒక ఆదివారం ఇస్తారా?

తాడేపల్లి_రాము

నా దగ్గర ఉంది. ఈ ఆదివారం ఆరింటికి బ్యారేజీ సీతానగరం వైపు ఉంటాను, అక్కడినుంచి మీ వీధికే తెస్తాను.

కొండవీడు_ఎక్కుడు

దబ్బనం నేను తెస్తాను. చుక్క ఆయిలు కూడా తెస్తాను, మాస్టారు వస్తే జేబులోనే ఉంచుకుంటాను.

వన్‌టౌన్_మాస్టారు

వస్తున్నాను. ఔటరు ఎంత పొడవు కావాలో నాలుగు సైకిళ్లకూ కొలిచి ఉంచండి లలిత గారూ, హ్యాండిల్‌ను రెండు పక్కలా పూర్తిగా తిప్పి చూసి కొలవండి.